కుడికన్ను

మొదట కుడికన్ను అదిరింది.
ఆడవాళ్లకి కీడని మా మేనత్త
రెప్ప మీద చీపురుపుల్ల ముక్క అంటించేది.
షెఫీల్డ్‌లో చీపురుపుల్ల ఎక్కడిది?
పార్కింగ్ టికెట్టు కొస చించి, ఉమ్మితో అంటించుకున్నాను.
పదకొండు రోజులు అదిరింది.

తర్వాత కింది పెదవి మొద్దుబారింది, ఎడమ సగమే,
పళ్ల డాక్టరు సూది వేసి మరిచిపోయినట్టు.
నాలుక చివర రాగిబిళ్ల రుచి.
నడినెత్తిన చల్లటి నీటిచుక్క,
తడిమితే జుట్టు పొడిగానే ఉంటుంది.
ఇక ఆవులింతలు. నిద్రవి కావు,
గాలిని అడుక్కుంటున్నట్టుండేవి.
"నా డ్రైవింగ్ అంత విసుగ్గా ఉందా మేడమ్?" అని
పంతొమ్మిదేళ్ల కల్లమ్ నొచ్చుకున్నాడు.

గుండెదడ అయితే చెప్పుకోవచ్చు,
దానికి సినిమాల్లో కూడా చోటుంది.
జుట్టు కుదుళ్లు సలుపుతున్నాయని
ఎవరికి చెప్పను?

చెప్పాను. కళ్లవాళ్లకి, పళ్లవాళ్లకి,
మూడు గొట్టాల రక్తం తీసుకున్నవాళ్లకి.
అందరూ బాగున్నావన్నారు.
చివరికి క్లినిక్‌లో నర్సు ఈఫా అంది:
"ఇది భయం. నోటితో చెప్పనివ్వకపోతే
దొరికిన చోటల్లా చెప్పుకుంటోంది."
కోపం వచ్చింది నాకు.
"నేను భయస్తురాలినా?
పక్కసీట్లో కూర్చుని, కాలి కింద ఒక్క బ్రేకుతో
పన్నెండేళ్లుగా పరాయివాళ్ల చేతుల్లో ప్రాణం పెట్టినదాన్ని!"
అన్నాక, ఆ మాట నాకే వినబడింది.

ఆమె రాయమన్న పుస్తకం గ్లవ్ బాక్సులో ఉంది.
మంగళవారం, నాలుగుంపావు. పెదవి.
దానికి ముందు: బ్యాంకు ఉత్తరం. విప్పలేదు.
గురువారం. నెత్తిన చుక్క.
దానికి ముందు: ఏమీ లేదు.
"ఏమీ లేదు" కొట్టేసి రాశాను:
అక్కతో ఫోనులో మాటామాటా.
నాడి పట్టుకు చూసుకోవడం
నలభైసార్ల నుంచి ఆరుకి దిగింది.
మూడో కాఫీ మానేశాను. రెండోది నా వల్ల కాదు.

శనివారం డోరీన్ పాఠం. అరవై ఆరేళ్లు.
ముప్పయ్యేళ్లు బడిపిల్లల్ని రోడ్డు దాటిస్తూ
కర్రకి కట్టిన గుండ్రటి పలకతో
లారీల్ని నిలబెట్టిన మనిషి.
వాక్లీ కొండవీధి సగంలో బండి ఆగిపోయింది.
వాన. వెనక బస్సు.
చేతులు స్టీరింగుకి అతుక్కుపోయాయి ఆమెకి.
"నా పళ్లు వదులయ్యాయి, బంగారం.
నిజంగా. ఒక్కోటీ ఊగుతోంది."

పళ్లు!
నా జాబితాలో లేనిది.

"హ్యాండ్ బ్రేకు వెయ్యి" అన్నాను.
"బండి ఎక్కడికీ పోదు.
బస్సువాడికి గంటకింత అని జీతం, ఆగుతాడు.
వేడిపాలు ఊదినట్టు గాలి వదులు.
పీల్చడం దానంతటదే వస్తుంది, వదలడమే నిడివిగా.
మడమలు నేలకి ఆన్చు. పళ్లని ఊగనీ,
ఊడినవి ఎన్నో కొండెక్కాక లెక్కపెడదాం."
ఇద్దరం ఊదాం. అద్దాలకి ఆవిరి పట్టింది.
ఎన్నోసారికో తెలీదు, నా పెదవి చిమచిమలాడింది.
నయం కాలేదు.
ఆమె పళ్ల గురించి మాట్లాడినంతసేపూ
నా పెదవికి నేను కాపలా కాయలేదు, అంతే.

క్లచ్ మెల్లగా వదులుతుంటే
ఒకచోట బండి సన్నగా వణుకుతుంది.
కొత్తవాళ్లు దానికి జడిసి కాలు తీసేస్తారు.
ఆ వణుకు దగ్గరే ఆగమని
ఎంతమందికి చెప్పి ఉంటానో.
డోరీన్ ఆగింది.
తర్వాత బండి కదిలింది, కాస్త ఎగిరి,
ఒక చెత్తడబ్బాని ముద్దుపెట్టుకోబోయి.

ఇవాళ పొద్దున కుడికన్ను మళ్లీ.
టికెట్టు ముక్క వెతకలేదు.
ఏడున్నర. కన్ను. దానికి ముందు:
అని రాసి, బల్ల మీదికి చూశాను.
కాఫీ కప్పు కింద అదే ఉత్తరం, గుండ్రటి మరకతో.
కూరగాయల చాకు తెచ్చి కవరు అంచున పెట్టాను.
అదురుతోంది.
అదరనీ.